చనిపోయినవాళ్ళు మూసిన మూతలు

డైవరు చనిపోయింది నీళ్ళలో కాదు, సెలూన్ మెట్ల మీద.

నున్నగా గీయించుకున్న గడ్డం తడుముకుంటూ, ఈల వేసుకుంటూ బయటికి వచ్చాడు. ఎండకు గొడుగు వేసుకున్న మనిషెవరో ఎదురొచ్చి, భుజం తగిలించి, పొరపాటైందని గొణిగి మలుపు తిరిగిపోయారు. డైవరు మెడ గోక్కుని, మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఇక లేవలేదు. సెలూన్ యజమాని తన పౌడరు పడలేదేమోనని కంగారుపడి మంచినీళ్ళు తెచ్చేలోపు అంతా అయిపోయింది. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క మాత్రం మిగిలింది.

ఆ రోజు పొద్దున్నే అతను డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. "రేవులో మునిగిన సబ్‌మెరైన్ చూసొచ్చాను. దాని మూతలు మూసి ఉన్నాయి."

డిపార్ట్‌మెంట్ అంటే పెద్ద భవనమేమీ కాదు. రద్దీ వీధిలో కళ్ళద్దాల దుకాణం, దాని వెనక చీకటి గది. మధ్యాహ్నానికి ఒక యువతి కౌంటర్ దగ్గర నిలబడి, దూరానివి బాగానే కనిపిస్తున్నాయి గానీ దగ్గరివే కనబడటం లేదంది. కౌంటర్‌లో మనిషి తల ఎత్తకుండానే, అయితే మీకు లెన్సు కాదు, ఓపిక కావాలన్నాడు. కోడ్ సరిపోయింది. వెనక తలుపు తెరుచుకుంది.

డిపార్ట్‌మెంట్‌లో ఆమెను ఉడుత అంటారు. ఎంత ఇరుకు సందులోనైనా దూరి, పని చక్కబెట్టుకుని, వెళ్ళిన దారినే వచ్చేస్తుందని ఆ పేరు. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. అందుకే పెద్దాయనకు ఆమెను చూస్తే ఈ మధ్య మంట. ఆ గదికి ఆయనే అధిపతి. ఏజెంట్లు పెళ్ళి చేసుకోవడం ఆయన దృష్టిలో తుపాకీకి పూలదండ వేయడం లాంటిది.

"కూర్చోకు. కూర్చుంటే ఇంటి గురించి ఆలోచిస్తావు," అన్నాడు.

ఉడుత నిలబడే విన్నది. విషయం ఇదీ. యుద్ధకాలంలో మునిగిన సబ్‌మెరైన్ ఒకటి రేవు ముఖద్వారం దగ్గర, ఓడలు పోయే కాలువ అంచున అడుగున పడి ఉంది. ఒక విదేశీ ముఠా కన్ను దాని మీద పడింది. ఎందుకో తెలియదు. ముఠాలో మన మనిషి ఉంది. చరిత్ర పరిశోధకురాలిగా ఆ శిథిలం మీద డాక్యుమెంటరీ తీస్తోంది. కబుర్లన్నీ ఆమె నుంచే వస్తున్నాయి. రేపు పొద్దున ఆమె చివరి షూటింగ్‌కి దిగుతోంది. ఉడుత కెమెరా మనిషిగా వెంట వెళ్ళాలి.

"రేపు పొద్దునా?" అంది ఉడుత.

రేపు పొద్దునే నౌకాదళం కొత్త సబ్‌మెరైన్ మొదటిసారి రేవు దాటుతుంది. అందులో వంటవాడు ఆమె భర్త. తన భార్య రేవు ఆఫీసులో టైపిస్టని అతని నమ్మకం.

ప్రయాణం ఒక్కరోజు ఆపించమని అడిగింది. చచ్చిపోయిన డైవరు ఒక్క మాట పట్టుకుని నౌకాదళాన్ని ఆపమంటే తనను మెంటల్ ఆస్పత్రిలో చేరుస్తారన్నాడు పెద్దాయన. కారణం తెచ్చి చూపిస్తే ఆపిస్తానన్నాడు. "పరిశోధకురాలు చెప్పినట్టు విను. ఆమెది నీకంటే రెట్టింపు బుర్ర."

ఉడుత శిథిలం పాత ఫోటోలు అడిగి తీసుకుని బయటపడింది.

యుద్ధకాలపు సబ్‌మెరైన్ మునగడమంటే పెద్ద మాయేమీ కాదు. పక్కల్లో పెద్ద పెద్ద ట్యాంకులుంటాయి. వాటి అడుగున ఎప్పుడూ తెరిచి ఉండే కంతలు, పైన మూతలు. మూతలు బిగించి ఉన్నంతసేపూ లోపలి గాలి నీళ్ళను రానివ్వదు, తలకిందులుగా బకెట్‌లో ముంచిన గ్లాసులాగా. మూతలు తెరిస్తే గాలి పైకి బుస్సుమంటుంది, నీళ్ళు కింది నుంచి ఎగదన్నుతాయి, పడవ దిగిపోతుంది. ఇంకా తొందరగా దిగాలంటే, చేతిలో పనిలేని నావికులందరూ ముక్కువైపు పరిగెత్తి ఒకరి మీద ఒకరు పడాలి. ముందు బరువెక్కితే పడవ తల దించుతుంది.

ఈ పడవ కూడా అలాగే దిగబోయింది. ఆకాశంలో విమానం కనబడింది. గంట మోగింది. మూతలు తెరిచారు. అందరికంటే చివర దిగిన నావికుడి బూటు పైతలుపు సందులో ఇరుక్కుంది, తలుపు మూసుకోక నీళ్ళు లోపలికి వచ్చేశాయి. ఆ బూటు ఇప్పటికీ అక్కడే ఉందని, తలుపు వేలెడంత తెరుచుకునే ఉందని ఫోటోలు చెబుతున్నాయి. దిగడానికి కిందికి వంచిన పక్క రెక్కలు, వేగం చూపే డయలు మీద "పూర్తి వేగం" దగ్గర ఆగిన ముల్లు. శిథిలాలకు అబద్ధమాడటం రాదు. చివరి నిమిషంలో ఎవరి చెయ్యి ఎక్కడుందో అక్కడే ఆపి చూపిస్తాయి. ప్రతి ఫోటోలోనూ మూతలు మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి.

ఇప్పుడు మూసి ఉన్నాయట. ఎనభై ఏళ్ళ కిందట పోయినవాళ్ళు లేచి మూతలు మూయరు కదా.

సాయంత్రం ఇంట్లో భర్త ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఉడుతకు ఆ ఇంట్లో ప్రతీదీ ముద్దే: ఒకే గ్లాసులో తలలు ఆనించుకున్న రెండు టూత్‌బ్రష్‌లు, బతిమాలితే తప్ప వెలగని స్టవ్వు, ఉల్లిపాయ కోస్తూ ఏడుస్తూ నవ్వే ఆ మొహం. మాటల్లో మాటగా, పడవ మునగగానే మొదట ఏం చేస్తారండీ అని అడిగింది.

"మూతలు మూసేస్తారు," అన్నాడు, గిన్నె మీద మూత టప్పున పెట్టి. "నీళ్ళు నిండాక మూతలతో పనేముంది అనుకుంటావు. ఏదైనా తేడా వస్తే ట్యాంకుల్లోకి గాలి కొట్టి పైకి లేవాలి. మూత తెరిచి ఉంటే కొట్టిన గాలంతా పోదూ? మా పాత చీఫ్‌కి ఆర్డరు కూడా అక్కర్లేదు. తల మునిగిందంటే చెయ్యి దానంతటదే పైకి పోతుంది. మొన్న లిఫ్టులో కిందికి దిగుతుంటే కూడా పోయింది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఉడుత ఆ మాటకు డైవరు మాటను జోడించి చూసింది. మూతలు మూసేది పైకి లేవడానికి. అయినా పెద్దాయన అడిగింది కారణం, ఊహ కాదు.

మర్నాడు పొద్దున మారువేషం కోసం ఆమె కళ్ళకు దళసరి అద్దాలు, దవడలో రబ్బరు ముక్క, ఒంటి మీద రెండు సైజులు పెద్దదైన ఓవరాల్. రబ్బరు ముక్కతో మాట ముద్దగా, పంటినొప్పి ఉన్నదానిలా వస్తోంది. పరిశోధకురాలు బోటు మీద అప్పటికే ఉంది. పట్టు స్కార్ఫు, పొడవాటి పిన్నుతో బిగించిన ముడి, చూసినవాళ్ళు రెండోసారి చూసే అందం. ఉడుతను తల నుంచి కాలి దాకా కొలిచింది.

"ఇదేనా డిపార్ట్‌మెంట్ పంపిన కెమెరా? దీనికంటే స్టాండు నయం."

"స్టాండుకి కోపం రాదు మేడమ్," అంది ఉడుత ముద్దగా.

బోటు నడిపే సరంగు, కింద దిగే చిన్న సబ్‌మెర్సిబుల్ నడిపేవాడు ఒక్కడే. దేన్ని చూసినా తిట్టే మనిషి. ఆడవాళ్ళిద్దరినీ, వాతావరణాన్ని, తన నడుము నొప్పిని ఒకే శ్వాసలో తిట్టి, బోటును సహాయకుడికి అప్పగించి, గాజు బుడగలా ఉన్న ఆ యంత్రంలోకి ముందు దిగాడు. వెనక ఇద్దరు కూర్చోగలిగిన చోట కెమెరాతో సహా ముగ్గురు కూర్చున్నట్టుంది. ఒక్క ముక్కైనా తన అనుమతి లేకుండా ముట్టుకుంటే బయటికి తోసేస్తానని సరంగు హెచ్చరించాడు.

పరిశోధకురాలు బెదిరినట్టు చేతులు ఒడిలో పెట్టుకుంది. ఇలాంటివన్నీ తనకు పుస్తకాల్లో తప్ప తెలియవనీ, ఈత కూడా రాదనీ చెప్పింది. ఇంతకుముందు డైవర్లే దిగి షూట్ చేశారనీ, తను దిగడం ఇదే మొదటిసారనీ అంది.

సరంగు లీవరు లాగాడు. తల మీద గాలి బుస్సుమంది. ఆకుపచ్చ నీళ్ళు గాజు మీదికి పాకి, పైన కలుసుకున్నాయి. లోపల వెలుగు పచ్చి జామకాయ రంగులోకి మారింది. ఎంత బాగుందో అని ఉడుత ఒక్క క్షణం పనే మరిచిపోయింది.

ఆ క్షణంలోనే ఉంగరాలు పెట్టిన తెల్లటి చెయ్యి ఒకటి, చూడకుండా, తడుముకోకుండా పైకి లేచి, మూతల లీవరును తిప్పి బిగించింది.

"చెయ్యి తియ్యమ్మా," అని సరంగు కసిరాడు. "అది నా పని."

పరిశోధకురాలు నవ్వేసి, భయంతో ఏది దొరికితే అది పట్టుకున్నానంది. ఉడుత కెమెరా సర్దుకుంటున్నట్టు తల వంచింది. పుస్తకాలు చదివినవాళ్ళకు మునగాలంటే మూతలు తెరవాలని తెలుస్తుంది. మునిగాక తనంతట తానే మూసే చెయ్యి మాత్రం చదువుతో రాదు. ఏళ్ళ తరబడి సబ్‌మెరైన్లో డ్యూటీ చేస్తే వస్తుంది. మన మనిషి మన మనిషి కాదు. పరాయి నౌకాదళం తయారు చేసి పంపిన మనిషి.

పైకి చెప్పాలంటే సరంగు పక్కనున్న ఫోను ఒక్కటే దారి. అది పరిశోధకురాలి మోకాలి దగ్గర ఉంది.

శిథిలం మెల్లగా చీకట్లోంచి బయటపడింది. నాచు పట్టిన పెద్ద చేపలా పక్కకు ఒరిగి ఉంది. అవతల పక్క ఇసుక వాలుగా జారి, చూపు ఆనని లోతులో కలుస్తోంది. పరిశోధకురాలు కెమెరా పడవ పక్కభాగం మీదే ఉంచమంది. అక్కడే కదలకుండా, ఆపకుండా తియ్యమంది. పైభాగం మట్టి కొట్టుకుపోయి ఏమీ కనబడదంది.

సరంగు గారూ, ఒక్కసారి లైటు పైకి తిప్పగలరా అని ఉడుత అడిగింది. పరిశోధకురాలు వద్దంది. ఆ వద్దనడమే తప్పయింది. తన యంత్రంలో తనకు వద్దని చెప్పేవాళ్ళెవరని సరంగు లైటు పైకి తిప్పాడు.

డెక్కు పలకల సందుల్లో గుండ్రటి మూతలు, వరసగా, బిగించి. మిగతా పడవంతా గవ్వలు, నాచు. మూతల చుట్టూ మాత్రం గీకి శుభ్రం చేసిన ఇనుము, కొత్త బోల్టులు. కింది కంతల్లోంచి నారింజ రంగు రబ్బరు అంచు ఒకటి తొంగి చూస్తోంది. తుప్పు పట్టిన ట్యాంకుల్లో గాలి నిలవదని తెలిసి, లోపల పెద్ద పెద్ద రబ్బరు సంచులు పెట్టారు. అవి పైకి తన్నుకుపోకుండా మూతలు బిగించారు. ఇక గాలి నింపితే చాలు.

దూరంగా, పైన, ధడ్ ధడ్ మని ప్రొపెల్లర్ చప్పుడు మొదలైంది. కొత్త సబ్‌మెరైన్ రేవు వదిలింది.

"తెలిసిపోయిందా," అంది పరిశోధకురాలు. గొంతులో భయమూ లేదు, నాటకమూ లేదు. ముడిలోంచి పిన్ను లాగింది. జుట్టు భుజాల మీదికి జలజలా జారింది. అలాంటి సమయంలో కూడా ఆ జుట్టు అంత బాగుండటం ఉడుతకు ఒళ్ళు మండించింది. పిన్ను మొన సరంగు మెడ మీద ఆనింది. డైవరు మెడ మీద చుక్క ఎక్కడుందో సరిగ్గా అక్కడ.

"ఇక్కడ తుపాకీ పేలిస్తే గాజు పగిలి ముగ్గురం పోతాం. ఇదైతే ఒక్కొక్కరే పోతారు."

సరంగు జీవితంలో మొదటిసారి తిట్టడం మానేశాడు.

రెండో చేతిలో లిప్‌స్టిక్ లాంటి గొట్టం. అది రిమోట్ అని చెప్పనక్కర్లేదు. ఉడుత టైమ్ కోసం మాటలు పెంచింది. ఎందుకని అడిగింది. యుద్ధం నాటి దెయ్యం ఒకటి దానంతటది లేచి ఓడకు తగిలితే ఏ దేశం మీద కేసు పెడతారని పరిశోధకురాలు ఎదురు ప్రశ్న వేసింది. పైగా శిథిలం తనంతట తనే లేస్తున్నట్టు డిపార్ట్‌మెంట్ కెమెరాయే సాక్ష్యం చెబుతుందంది.

"కొత్త పడవలో మీ ఆయన వంట బాగా చేస్తాడని మీ డిపార్ట్‌మెంట్‌లోనే విన్నాను. తినే రాత లేదు నాకు," అని బొటనవేలు నొక్కింది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత శిథిలం లోపలెక్కడో పెద్ద ప్రాణి ఊపిరి తీసుకున్నట్టు చప్పుడైంది. మట్టి లేచింది. ఎనభై ఏళ్ళుగా ఇసుకలో పాతుకున్న ఇనుము మూలిగింది, ఒక కొస నుంచి ఇంకో కొసకు వణికింది. పైన ప్రొపెల్లర్ చప్పుడు దగ్గరైంది.

ఉడుత దవడలోని రబ్బరు ముక్క ఉమ్మేసింది. "సరంగు గారూ, ముక్కు దించండి."

మెడ మీద సూది ఉన్నా, మంచి సరంగు చెయ్యి లీవరు వదలదు. యంత్రం ఒక్కసారిగా తలకిందులైనట్టు ముందుకు పడింది. బెల్టు విప్పుకుని సగం లేచి ఉన్న పరిశోధకురాలు సీటు మీదుగా ఎగిరి గాజుకు కొట్టుకుంది. పిన్ను ఆమె చేతిలోంచి జారి కెమెరా రబ్బరు తొడుగులో కస్సున దిగబడింది. ఉడుత మోకాలు ఆమె మణికట్టు మీద పడింది. కెమెరా కేబుల్ రెండు చుట్లు తిరిగింది. రిమోట్ లాక్కుని నొక్కింది, మళ్ళీ నొక్కింది. అది నింపడానికే గానీ ఆపడానికి కాదు.

ఉడుత ఫోను తీసి సరంగుకు అందించింది. బోటు మీది సహాయకుడికి సరంగు అరిచి చెప్పాడు, అతను రేవుకు చెప్పాలి, రేవు పడవకు చెప్పాలి. చెప్పేలోపు అయిపోతుందని ముగ్గురికీ తెలుసు. శిథిలం ఇసుకలోంచి ఊడి, జానెడు, మూరెడు, బారెడు లేచింది.

"మళ్ళీ మునగాలంటే మూతలు తెరవాలి. ఆ మూతలన్నీ ఎప్పుడు తెరుస్తామమ్మా," అన్నాడు సరంగు.

అన్నీ అక్కర్లేదు. విమానాన్ని చూసి ముక్కువైపు పరిగెత్తిన ఆ నావికులందరూ ఉడుత కళ్ళ ముందు ఒకరి మీద ఒకరు పడ్డారు. "ముందున్న రెండు చాలు. తల బరువెక్కితే తనే దిగుతుంది. వాలు అటే ఉంది."

సరంగు యంత్రాన్ని లేస్తున్న శిథిలం నెత్తికెక్కించాడు. ముందున్న ఇనుప చెయ్యి చాచి కొత్త బోల్టును పట్టింది, జారింది, మళ్ళీ పట్టింది. తిప్పాడు. బోల్టు కదలలేదు. దాన్ని చేసినవాడి వంశాన్ని, దిగుమతి చేసినవాడి వంశాన్ని పేరుపేరునా తిట్టి, ఈసారి యంత్రం మొత్తాన్నీ తిప్పాడు. బోల్టు విరిగింది. మూత లేచింది. నారింజ సంచి ఆ కంతలోంచి బుగ్గలా ఉబ్బి, విరిగిన బోల్టు అంచు తగిలి పగిలింది. తెల్లటి బుడగల గుంపు గాజును తడుముకుంటూ పైకి పోయింది.

రెండో మూత. పైన నల్లటి నీడ ఒకటి వెలుగును మింగేస్తోంది. ప్రొపెల్లర్ చప్పుడు ఇప్పుడు చెవుల్లో కాదు, పళ్ళలో వినిపిస్తోంది. ఆ చప్పుడుకు అవతల, ఇనుప గోడ వెనక, ఒక మనిషి ఏప్రాన్ కట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంటాడు. ఉడుత ఆ ఆలోచనను పళ్ళ మధ్య నొక్కిపెట్టి, లైటును బోల్టు మీద కదలకుండా పట్టుకుంది.

మూత లేచింది. సంచి పగిలింది.

శిథిలం ఒక్క క్షణం తోక పైకెత్తి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు నిలబడింది. తోక చివర, పోతున్న కొత్త పడవ కడుపుకు నిలువెత్తు దూరంలో ఊగింది. సరంగు తన యంత్రం ముక్కుతో దాని మెడ మీద తోశాడు. తల వంగింది. వాలు మీదికి జారింది. లోతుకు పోయేకొద్దీ నీళ్ళ ఒత్తిడికి మిగతా సంచుల్లో గాలి నలిగి చిన్నదవుతుంది, గాలి నలిగేకొద్దీ పడవ బరువెక్కుతుంది. జారుడు పరుగైంది. ఎనభై ఏళ్ళ కిందట మధ్యలో ఆగిపోయిన ఆ డైవ్ ఇప్పుడు పూర్తి చేస్తున్నట్టు, ముక్కు ముందుంచుకుని, చీకట్లోకి దిగిపోయింది.

పైన నీడ పక్కకు తిరిగి, వెలుగు వదిలి వెళ్ళిపోయింది.

పరిశోధకురాలు పగిలిన పెదవి నాలుకతో తడుపుకుని, ఉడుత వైపు అసహ్యంగా చూసింది.

"ఒక వంటవాడి కోసమా ఇదంతా?"

"పడవలో ఇంకా చాలామంది ఉన్నారు మేడమ్," అంది ఉడుత. "ముందు గుర్తొచ్చింది మాత్రం ఆయనే."

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో పెద్దాయన రిపోర్టు మొత్తం విన్నాడు. పరిశోధకురాలిని డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చింది ఎవరన్న ప్రసక్తి ఆయనా ఎత్తలేదు, ఉడుతా ఎత్తలేదు. ఆయన మాత్రం చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, చివరికి, కావాలంటే కూర్చోవచ్చన్నాడు. ఉడుత ఇంటికి వెళ్ళాలంది.

భర్త ట్రయల్ ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆమె చపాతీ కర్రతో కుస్తీ పడుతోంది. అతను మొహం ముడుచుకుని వచ్చి, బ్యాగు మూలకు విసిరాడు. ఏమైందండీ అంటే బద్దలయ్యాడు. రేవు దాటుతుండగా అడుగున ఎవరో ఏదో కెలికారట, బుడగలు లేచాయట, సోనార్ అరిచిందట, కెప్టెన్ పడవను ఒక్క మలుపు తిప్పాడట. మొదటి రోజు వంట, అందరూ మెచ్చుకోవాలని పొద్దున్నే ఉడకబెట్టి, ఒక్కొక్కటీ పొట్టు తీసి పేర్చుకున్న కోడిగుడ్లు, పళ్ళెం పళ్ళెంగా, అన్నీ నేలపాలు.

"పనీపాటా లేకుండా ఆ నీళ్ళలో కెలికినవాళ్ళెవరో నా కంటపడాలి గానీ," అన్నాడు, "రెండు చెవులూ పట్టుకుని, ఎర్రబడేదాకా మెలిపెట్టి వదులుతా."

"అవునండీ, ఎంత బుద్ధిలేని మనుషులో," అంది ఉడుత. పిండి చేతుల్తోనే, జుట్టు కాస్త చెవుల మీదికి లాక్కుంది.